చెవులు కుట్టించడం, కమ్మలు పెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వరంగల్‌లో అవుసులోళ్ల ఇంట్లో పుట్టాను. నాయిన కుంపటి ముందు కూర్చుని కమ్మలు చేస్తుంటే చూస్తూ పెరిగాను. ఇప్పుడు హనుమకొండలో ఒక చిన్న క్లినిక్‌లో నర్సును. చెవులు కుట్టడం, కుట్టించుకున్నాక చెవి పుండై వచ్చినవాళ్లకు కట్టు కట్టడం, రెండూ నా పనే. కమ్మలు కొనడానికి వచ్చినవాళ్లకు నాయిన ఒకటే చెప్పేవాడు: "పువ్వు చూసి మురవకు బిడ్డా, ముందు కాడ చూడు." పువ్వు నలుగురికీ కనిపిస్తుంది, కాడ మాత్రం రోజంతా మన చెవి లోపల ఉంటుంది. క్లినిక్‌లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి.

పాపకు ఏ నెలలో చెవులు కుట్టించాలి?

మూడో నెల, ఐదో నెల, ఏడో నెల అని ఒక్కో ఇంట్లో ఒక్కో ఆనవాయితీ ఉంటుంది. దాన్ని నేను కాదనను. కానీ టీకాల కార్డు మాత్రం చూస్తాను. 6, 10, 14 వారాలకు ఇచ్చే పెంటావాలెంట్ టీకాలో ధనుర్వాతానికీ, హెపటైటిస్ బి కీ రక్షణ ఉంది. ఆ మూడు డోసులూ పూర్తయ్యాక, అంటే నాలుగో నెల దాటాక కుట్టిస్తే మనసుకు నిమ్మళంగా ఉంటుంది. మూడో నెలలోనే ముహూర్తం పెట్టుకున్నవాళ్లకు "ఐదో నెల కూడా బేసి నెలే కదమ్మా" అని చెబుతుంటాను. చాలామంది ఒప్పుకుంటారు.

పాపకు జ్వరం, జలుబు, ఒంటిమీద పొక్కులు ఉన్న రోజున వద్దు. ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగని జబ్బు ఉంటే ముందు పిల్లల డాక్టర్‌ను అడగండి. ఇక పాప పెద్దదై తనే "నాకు కుట్టించు" అని అడిగేదాకా ఆగే తల్లులు కూడా ఉన్నారు. అలా ఆగినా పోయేదేమీ లేదు.

వేములవాడలోనో ఐనవోలులోనో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడే చెవులు కూడా కుట్టించొచ్చా?

మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి రెండు పనులూ ఒక్కరోజే కానిచ్చేస్తే ఖర్చు కలిసొస్తుంది, చుట్టాలు కూడా అందరూ ఉంటారు. ఆ సంబురం నాకూ తెలుసు. నా భయం అక్కడి రద్దీ గురించి. వరసగా పదిమంది పిల్లలకు ఒకటే సూది, ఒకటే దూది, చెయ్యి కడుక్కునే తీరిక ఉండదు. రక్తం అంటిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి లాంటివి అంటుకునే ప్రమాదం ఉంటుంది. పైగా గుండు చేశాక తలమీద చిన్న చిన్న గాట్లు ఉంటాయి, పాప అప్పటికే ఏడ్చి ఏడ్చి అలసిపోయి ఉంటుంది.

మొక్కు గుడిలో చెల్లించండి. చెవులు మాత్రం వారం పది రోజులాగి మీ ఊళ్లో, శుభ్రమైన చోట కుట్టించండి. మేనమామను అప్పుడు కూడా పిలవండి, ఒళ్లో ఆయనే కూర్చోబెట్టుకుంటాడు. గుడి దగ్గరే తప్పదు అనుకుంటే సీల్ తీయని సూది, కమ్మలు మీరే తీసుకెళ్లండి. మీ కళ్ల ముందే ప్యాకెట్ విప్పమనండి. అడగడానికి మొహమాటపడకండి.

గన్ మంచిదా, సూది మంచిదా?

చేసే మనిషి శుభ్రతను బట్టి ఉంటుంది. చెవి కింది మెత్తటి తమ్మెకైతే రెండూ పనికొస్తాయి. కొత్త రకం గన్‌లలో కమ్మ సీల్ చేసిన గుళికలోనే వస్తుంది, చెవికి తగిలే భాగం ఒకసారి వాడి పారేసేదే. అది పరవాలేదు. పాత రకం ప్లాస్టిక్ గన్‌ను ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి వేడితో క్రిములను చంపే యంత్రంలో పెట్టలేరు, ఆ వేడికి కరిగిపోతుంది. స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వాడతారు. అది నాకు ఇష్టం లేదు. చెవి పై భాగానికి మాత్రం ఏ గన్ అయినా వద్దు. దాని గురించి కింద చెబుతాను.

చుక్కలు సరిగ్గా పెట్టారో లేదో ఎలా చూసుకోవాలి?

కుట్టడానికి నిమిషం పట్టదు. చుక్కలు పెట్టడానికి నాకు పదినిమిషాలు పడుతుంది. పాపను తల్లి ఒళ్లో నిటారుగా, ముఖం నాకు ఎదురుగా ఉండేలా కూర్చోబెడతాను. తమ్మెకు సరిగ్గా నడుమ పెన్నుతో చుక్క పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూస్తాను. తర్వాత తల్లిని లేపి, పాపను ఇంకొకరికి ఇచ్చి, నేను నిలబడ్డ చోటే నిలబడి చూడమంటాను. మన రెండు చెవులూ అచ్చు ఒకేలా ఉండవు. అందుకే స్కేలు పెట్టి కొలిస్తే సరిపోయినట్టుండే చుక్కలు ఎదురుగా చూస్తే ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. నచ్చకపోతే స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెడతాను. మూడుసార్లు చెరిపించిన అమ్మమ్మలు ఉన్నారు. వాళ్లదే సరైన పద్ధతి.

చుక్క తమ్మె అంచుకు దగ్గరగా ఉంటే ఒప్పుకోకండి. పాతికేళ్ల తర్వాత బుట్టకమ్మలు పెట్టుకునేటప్పుడు ఆ కొంచెం కండే బరువు మొయ్యాలి.

మొదటి కమ్మ ఏ లోహంతో ఉండాలి?

22 క్యారెట్ల బంగారం లేదా టైటానియం. 22 క్యారెట్లలో 91.6 శాతం బంగారమే, మిగతాది ఎక్కువగా రాగి, వెండి. పచ్చి గాయానికి అది పడుతుంది. టైటానియంలో శరీరంలో అమర్చే రకం ఉంటుంది, ఎముకలకు వేసే ప్లేట్లు, స్క్రూలు చేసేది దానితోనే. కొనేటప్పుడు "ఇంప్లాంట్ గ్రేడ్" అని అడగండి.

పచ్చి చెవికి వెండి వద్దు, చెమటకు నల్లబడుతుంది. సర్జికల్ స్టీల్ అని అమ్మే 316ఎల్ రకంలో 10 నుంచి 14 శాతం నికెల్ ఉంటుంది. అది లోహంలో గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి చాలామందికి ఏమీ కాదు, కానీ నికెల్ పడనివాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. తెల్ల బంగారంలో కూడా కొన్నింట్లో నికెల్ కలుపుతారు, అడిగి తీసుకోండి. వన్ గ్రామ్ గోల్డ్, రోల్డ్ గోల్డ్ మానిన చెవికే పెట్టాలి.

కాడ నున్నగా ఉందా, గీతలున్నాయా అని వేలి కొసతో తడిమి చూడండి. కొంచెం పొడుగు కాడ తీసుకోండి. కుట్టిన రెండు మూడు రోజులు తమ్మె ఉబ్బుతుంది, అప్పుడు దానికి చోటు కావాలి.

పిల్లల బంగారు కమ్మల మీద హాల్‌మార్క్ లేదు. మోసమా?

కాకపోవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక్కో నగకు విడిగా ఇచ్చే, అక్షరాలు అంకెలు కలిపి 6 ఉండే హెచ్‌యూఐడీ కోడ్ లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. కానీ 2 గ్రాముల లోపు వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. పసిపిల్లల కమ్మలు చాలావరకు ఆ లోపే ఉంటాయి. అందుకే బిల్లు మీద క్యారెట్, బరువు స్పష్టంగా రాయించుకోండి. అలాగే "కాడ, వెనక బిగించే శీల కూడా 22 క్యారెట్లేనా?" అని విడిగా అడగండి. పువ్వు బంగారమై శీల వేరే లోహమైన కమ్మలు నేను చాలాసార్లు చూశాను. కోడ్ ఉన్న నగనైతే హాల్‌మార్క్ వ్యవహారం చూసే బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కోడ్ కొట్టి అక్కడే చూసుకోవచ్చు.

కుట్టాక ఏం రాయాలి? పసుపు, కొబ్బరినూనె పెట్టొచ్చా?

పెట్టకండి. ఈ ఒక్క మాట మీదే నాకు అత్తగార్లతో రోజూ వాదన. పసుపుకు గుణం లేదని నేను అనడం లేదు. వంటింటి డబ్బాలో చెంచాలు, చేతులు పడిన పసుపులో సూక్ష్మజీవులు ఉంటాయి, అవి పచ్చి గాయంలోకి పోతాయి. నూనె దుమ్మును పట్టి గాయం నోటి దగ్గర జిడ్డులా పేరుస్తుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా రోజూ వద్దు, కొత్తగా వస్తున్న చర్మాన్ని కాల్చేస్తాయి.

మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ సీసా దొరుకుతుంది, ధర తక్కువే. సబ్బుతో చేతులు కడుక్కుని, శుభ్రమైన గాజుగుడ్డను సెలైన్‌లో ముంచి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కాడకు ముందూ వెనకా తడిపి, పక్కు మెత్తబడ్డాక తుడవండి. తర్వాత పొడిగా అద్దండి. అంతే. దూది వాడితే పోగులు కాడకు చుట్టుకుంటాయి. కమ్మను గిర్రున తిప్పమని పాతకాలంలో చెప్పేవాళ్లు. తిప్పితే ఎండిన పక్కు లోపలికి పోయి గాయం మళ్లీ రేగుతుంది. తిప్పకండి.

తమ్మె మానడానికి 6 నుంచి 8 వారాలు. అప్పటిదాకా కమ్మ తీయకండి. పైకి మానినట్టు కనిపించినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. కమ్మ తీస్తే చిల్లు పూడుకోవడానికి ఒక్క రాత్రి కూడా చాలు.

చీపురుపుల్ల, వేపపుల్ల పెట్టడం గురించి కూడా అడుగుతారు. మా అవ్వ చెవులకు వేపపుల్లలే పెట్టేది. కమ్మ కొనే స్తోమత లేని రోజుల్లో చిల్లు పూడకుండా అది ఆసరా. పచ్చి గాయంలో మాత్రం వద్దు, పుల్ల నార ఊడి లోపల ఉండిపోతుంది.

చెవులు కుట్టించిన వారానికే మేడారం పోతున్నాం. ఫరవాలేదా?

వెళ్లండి, కానీ జంపన్నవాగులో తల మునిగేలా స్నానం చేయించకండి. లక్షల మంది దిగే నీళ్లవి. కాళ్లు తడిపి, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకోండి. గోదావరి పుష్కర స్నానానికీ, ఈతకొలనుకూ, హోలీ రంగులకూ ఇదే మాట. దుమ్ము పడితే రాత్రి సెలైన్‌తో ఒకసారి తుడవండి.

చెవి ఎర్రబడింది. మామూలేనా, చీము పట్టిందా?

మొదటి వారం కొంచెం ఎరుపు, కొంచెం నొప్పి, తెల్లటి పలుచని నీరు ఎండి పక్కు కట్టడం మామూలే. దానికి టెన్షన్ పడొద్దు. ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, పచ్చగా చిక్కగా కారుతున్నా, పోటు పెడుతున్నా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించండి. అందరూ చేసే తప్పు ఒకటుంది: భయపడి కమ్మ పీకేస్తారు. చిల్లు మూసుకుపోయి చీము లోపలే గూడు కట్టుకుంటుంది. కమ్మ ఉంచాలో తీయాలో డాక్టర్ చెబుతారు. షుగర్ ఉన్నవాళ్లు ఒక్కరోజు కూడా ఆగకండి.

పై చెవి కుట్టించుకోవాలని మా అమ్మాయి పట్టుబడుతోంది. వద్దనాలా?

వద్దనక్కర్లేదు, కానీ కూర్చోబెట్టి విషయం చెప్పండి. తమ్మె మెత్తటి కండ, రక్తం బాగా అందుతుంది, అందుకే తొందరగా మానుతుంది. పై భాగం మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు. పైన పొరలా అంటుకుని ఉండే చర్మం నుంచే పోషణ అందుతుంది. అక్కడ చీము చేరితే ఆ పొర లేచిపోయి, పోషణ ఆగి, మృదులాస్థి కరిగిపోతుంది. చెవి ఆకారమే ముడుచుకుపోతుంది. గన్‌తో కొడితే ఆ దెబ్బకు మృదులాస్థి చిట్లుతుంది, ముప్పు ఇంకా పెరుగుతుంది.

కాబట్టి అక్కడ బోలు సూదితో, అనుభవం ఉన్న మనిషి చేతే కుట్టించాలి. మానడానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుంది. అన్నాళ్లూ ఆ వైపు తిరిగి పడుకోకూడదు. పరీక్షలు, పెళ్లి, హాస్టల్‌కు వెళ్లడం లాంటివి ముందుంటే వాయిదా వేయమనండి. తర్వాత ఎప్పుడైనా పై చెవి ఎర్రగా వాచి నొప్పి పెడితే అదేరోజు చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. "రేపు చూద్దాం" అని ఆగితే చెవే పోతుంది.

వన్ గ్రామ్ కమ్మలు పెట్టుకుంటే రసి కారుతోంది, దురద. బంగారం పెడితే ఏమీ లేదు. ఎందుకిలా?

చాలావరకు నికెల్ పడకపోవడం. పైపూత మెరవడానికి కింద నికెల్ పొర వేస్తారు, లేదా కాడే నికెల్ కలిసిన లోహం. మన ఎండాకాలంలో చెమట ధారగా కారుతుంది, ఆ ఉప్పుకు నికెల్ కరిగి చర్మంలోకి దిగుతుంది. అందుకే చలికాలంలో పెట్టుకుంటే ఏమీ కాని కమ్మలే మేలో పెళ్లికి పెట్టుకుంటే రెండో రోజుకు చెవి రసికారుతుంది. రెండో రోజే ఎందుకంటే, ఈ అలర్జీ పెట్టుకోగానే రాదు, 24 నుంచి 48 గంటల తర్వాత బయటపడుతుంది. పెళ్లిలో తిన్న వంకాయ కూర వల్ల అనుకునేది అందుకే.

ఒకసారి వచ్చిందంటే అది జీవితాంతం ఉంటుంది. గడియారం వెనక, ప్యాంటు గుండీ కింద, బెల్టు బకిల్ దగ్గర దురద వస్తే కూడా దానికి కారణం నికెలే కావచ్చు. చర్మ డాక్టర్లు వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేసి ఖాయం చేస్తారు. 48 గంటలు పట్టీలు ఉంచుకోవాలి. యూరప్ దేశాలు 1994లోనే దీనికి చట్టం తెచ్చాయి. ఇప్పుడు అక్కడ చెవి చిల్లులోకి దిగే భాగం నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు మించి నికెల్ బయటికి రాకూడదు.

కాడకు గోళ్ల రంగు పూసుకోమని ఇరుగుపొరుగు చెబుతారు. రెండు మూడు సార్లకే అది ఊడిపోతుంది. నాయిన చేసిన పద్ధతి చెబుతాను. గిల్టు కమ్మలు నచ్చి, చెవి ఒప్పుకోని ఆడపడుచులకు ఆ కాడ కోసేసి, బంగారు కాడ అతికి ఇచ్చేవాడు. ఇప్పటికీ పని తెలిసిన అవుసులాయన ఎవరైనా చేసిస్తారు. కాడకు పట్టే బంగారం కొంచెమే.

శీల చెవిలోకి దిగిపోయింది. ఏం చేయాలి?

మీరు లాగకండి, క్లినిక్‌కు రండి. మా అక్క కూతురికి ఐదేళ్లప్పుడు ఇదే జరిగింది. కమ్మ పోతుందని భయపడి శీలను బిగించి బిగించి పెట్టారు. జ్వరం వచ్చి చెవి ఉబ్బితే దోమ కుట్టిందనుకున్నారు. నా దగ్గరికి తెచ్చేసరికి తమ్మె రేగుపండులా ఎర్రగా నిగనిగలాడుతోంది, వెనక శీల కనిపించడం లేదు, దాని మీద చర్మం కప్పేసి సూదిమొనంత నల్ల చుక్క మిగిలింది. మత్తు సూది ఇచ్చి డాక్టర్ చిన్న గాటు పెట్టి తీస్తుంటే పాప నా బొటనవేలు పట్టుకుని వదల్లేదు.

శీలకూ చెవికీ మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు ఉండాలి. పిల్లలకు ప్రతి ఆదివారం తలంటు పోసేటప్పుడు తమ్మె వెనక్కి తిప్పి చూడండి. ఇంకో సంగతి: షాపుల్లో సౌత్ స్క్రూ, బాంబే స్క్రూ అని రెండు రకాలుంటాయి. సౌత్ స్క్రూ కాడ లావు. సన్న కాడకు అలవాటైన చెవిలోకి దాన్ని బలవంతంగా తొయ్యకండి.

బతుకమ్మకు, పెళ్లిళ్లకు బరువు బుట్టలు పెట్టుకుంటే చెవి సాగుతుందా?

సాగుతుంది, సాగిన తమ్మె తిరిగి బిగవదు. అలాగని పండగపూట బోసి చెవులతో ఉండమనను. బరువును జుట్టుకు పంచండి. మాటీలు, చెంపసరాలు అందం కోసమే అనుకుంటాం, అవి చెవి బరువును జడకు ఎత్తుతాయి. మహబూబాబాద్ వైపు తండాల్లో లంబాడా తల్లులు చెంపల మీద వేలాడదీసే ఘుగ్రీలు చూడండి. అంత వెండి చెవికి కాకుండా జుట్టుకే కట్టుకుంటారు. ఎంత తెలివైన పద్ధతి!

మాటీ పెట్టాక అద్దంలో చూడండి. గొలుసు బిగుతుగా ఉండాలి, వదులుగా వేలాడితే అది కూడా అదనపు బరువే. తమ్మె వెనక అంటించే పారదర్శకమైన పట్టీలు కూడా దొరుకుతున్నాయి, ఒక్క పూటకు పనికొస్తాయి. సద్దుల బతుకమ్మ రోజు ఇంటికి రాగానే చీర మార్చుకునేముందే కమ్మలు తీయండి. చంకలో పిల్లాడుంటే అసలు రింగులే వద్దు. ఒక్క గుంజుకు తమ్మె రెండుగా చీలినవాళ్లకు నేను కట్టు కట్టాను.

తమ్మె తెగింది. గమ్‌తో అతికిస్తామంటున్నారు, నమ్మొచ్చా?

పూర్తిగా చీలిపోయిన చోట చర్మం అంచులు ఎప్పుడో మానిపోయి ఉంటాయి. మానిన అంచులు ఏ గమ్‌తోనూ కలవవు. పైగా బయట దొరికే రసాయనాలు కాల్చి పుండు చేస్తాయి. డాక్టర్ ఆ అంచులను పచ్చి చేసి కుట్లు వేస్తారు. తమ్మె వరకే మత్తు, అదేరోజు ఇంటికి పోవచ్చు. వారం పది రోజుల్లో కుట్లు తీస్తారు. కనీసం మూడు నెలలు ఆగి, కుట్టు గీత మీద కాకుండా పక్కన మళ్లీ కుట్టించుకోవాలి.

చిల్లు దగ్గర గడ్డలా పెరుగుతోంది.

కుట్టిన కొత్తలో వచ్చే చిన్న బుడిపె చాలాసార్లు ఒరిపిడి వల్లే, కొన్నాళ్లకు తగ్గుతుంది. గాయం హద్దు దాటి, గట్టిగా, నున్నగా నెలల తరబడి పెరిగేది కీలాయిడ్. అది క్యాన్సర్ కాదు. దాన్ని దారం కట్టి తెంపించుకోకండి, ఇంకా పెద్దదై తిరిగి వస్తుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, అవసరమైతే ఆపరేషన్, ఇవన్నీ చర్మ డాక్టర్ చూస్తారు. అమ్మకో నాన్నకో కీలాయిడ్లు ఉంటే రెండో చిల్లు, మూడో చిల్లు ఆలోచన మానుకోండి.

పడుకునేటప్పుడు, బండి మీద, స్కానింగ్‌కు కమ్మలు తీయాలా?

మానిన చెవికి రాత్రి తీసేయడమే మంచిది. హెల్మెట్ పెట్టుకునే ముందు బుట్టలు, రింగులు తీయండి. హెల్మెట్ మాత్రం తీయకండి. ఎంఆర్‌ఐకి, ఆపరేషన్‌కు ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదు. శీల బిగుసుకుపోతే ముందురోజే తీయించుకోండి.

మగపిల్లలకు?

అవే జాగ్రత్తలు. తేడా ఏమీ లేదు.

కమ్మలు ఎలా కడగాలి?

ఉత్త బంగారానికి గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసం లేదా చుక్క షాంపూ, పసిపిల్లల బ్రష్. సింక్‌లో వద్దు, గిన్నెలో కడగండి. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది. లోపల లక్క పోసిన బుట్టలు వేడినీళ్లలో వేస్తే లక్క మెత్తబడి రాళ్లు ఊడతాయి. ముత్యాలను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడమే. సెంటు, హెయిర్ స్ప్రే కొట్టుకున్నాకే కమ్మలు పెట్టుకోండి.

కరీంనగర్ వెండి ఫిలిగ్రీ జూకాలు ఉన్నవాళ్లు ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి. వెంట్రుకంత తీగను మెలిపెట్టి అల్లే పని అది, 2007లో భౌగోళిక గుర్తింపు పొందింది. నొక్కి రుద్దితే అల్లిక వంగుతుంది. చెమట తీగల సందుల్లో ఉండిపోయి నల్లబడుతుంది. వాడిన వెంటనే మెత్తని పొడిగుడ్డతో అద్ది, గాలి చొరని కవర్‌లో ఒక సుద్దముక్క వేసి పెట్టండి, తేమను పీల్చుకుంటుంది.

ఒకరి కమ్మలు ఇంకొకరు పెట్టుకోవాల్సి వస్తే కాడను స్పిరిట్‌తో తుడిచి, ఆరాక పెట్టుకోండి. ఎవరి చెవి పచ్చిగా ఉన్నా ఆ పని వద్దు.

మా అవ్వ గెంటీలు పెట్టుకోవాలని ఉంది. కరిగించి కొత్తవి చేయించుకోమంటున్నారు.

కరిగించకండి. అవ్వ చెవి చిల్లు పెద్దది, కాడ లావు, అందుకే మీకు పట్టడం లేదు. పాత పని తెలిసిన అవుసులాయన దగ్గర కూర్చుని, పైపని ముట్టకుండా కాడ మాత్రం మార్చి సన్న కాడ, కొత్త శీల పెట్టమనండి. పనికి ముందూ తర్వాతా మీ ఎదుటే తూకం వేయించుకోండి. తీసిన పాత కాడ ముక్కలు అడిగి తెచ్చుకోండి, అవి కూడా అవ్వ బంగారమే. పైన మాటీ తగిలించడానికి చిన్న కొక్కెం కూడా అప్పుడే పెట్టించండి. మా అవ్వవి నేను అలాగే చేయించుకున్నాను, పెళ్లిళ్లకు పెట్టుకుంటాను.